అమెరికా యూనివర్సిటీలో ఏడీహెచ్‌డీకి వెసులుబాట్లు: కాగితాలు ఎలా సిద్ధం చేసుకోవాలి

“నాకు ఏడీహెచ్‌డీ (శ్రద్ధ నిలవకపోవడం, అతిచురుకు, తొందరపాటు ఉండే సమస్య) ఉందని డాక్టర్ చెప్పారు. ప్రిస్క్రిప్షన్ కూడా ఉంది. పరీక్షలో ఎక్స్‌ట్రా టైమ్ ఇస్తారా?” అమెరికాలో ఎంఎస్‌కి, బీఎస్‌కి వెళ్లిన మన విద్యార్థులు సెమిస్టర్ మొదట్లో కొందరు, మిడ్‌టర్మ్ దెబ్బతిన్నాక చాలామంది అడిగే ప్రశ్న ఇది. ఇస్తారు. అయితే ప్రిస్క్రిప్షన్ చూసి ఇవ్వరు.

యూనివర్సిటీలోని డిజబిలిటీ సర్వీసెస్ ఆఫీసు మీ కాగితాల్లో మూడు సంగతులు వెతుకుతుంది. మీకు ఏముంది, దానివల్ల చదువులో సరిగ్గా ఎక్కడ అడ్డం పడుతోంది, మీరు అడిగే వెసులుబాటు ఆ అడ్డాన్ని ఎలా తొలగిస్తుంది. మన దగ్గర్నుంచి వెళ్లే కాగితాల్లో మొదటిది మాత్రమే ఉంటుంది. తిరిగొచ్చే అప్లికేషన్లలో ఎక్కువ భాగం మిగతా రెండూ లేకపోవడం వల్లే తిరిగొస్తాయి. కాబట్టి ఈ గైడ్ అంతా ఆ రెండింటి చుట్టూనే.

చట్టం గురించి అవసరమైనంత వరకే చెబుతాను. 1973 నాటి రిహాబిలిటేషన్ చట్టంలోని సెక్షన్ 504, 1990లో వచ్చిన అమెరికన్స్ విత్ డిజబిలిటీస్ యాక్ట్ (ఏడీఏ), ఈ రెండూ మీకు వర్తిస్తాయి. పేరులో ‘అమెరికన్స్’ ఉన్నా పౌరసత్వంతో పని లేదు. ఎఫ్-1 వీసా మీద ఉన్న విద్యార్థికీ అదే హక్కు. మందు వేసుకుంటే బాగానే ఉంటున్నారుగా అని కాదనడానికీ లేదు. మందు ప్రభావాన్ని పక్కనపెట్టే పరిస్థితిని అంచనా వేయాలని ఏడీఏకి 2008లో చేసిన సవరణ చెబుతోంది.

ముందుగా దగ్గర పెట్టుకోవాల్సినవి

- రోగనిర్ధారణ రిపోర్టు లేదా డాక్టర్ లెటర్, ఇంగ్లీషులో. సంతకం, తేదీ, లైసెన్స్ లేదా రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి
- చిన్నప్పటి ఆధారాలు: ప్రోగ్రెస్ కార్డులు, టీచర్లు రాసిన రిమార్కులు, స్కూలు డైరీలు, పాత డాక్టర్ చీటీలు
- స్కూల్లో గానీ కాలేజీలో గానీ ఇంతకుముందు అదనపు సమయం పొంది ఉంటే ఆ ఆర్డరు కాపీ
- ఇప్పుడు వాడుతున్న మందులు, డోసు, వాటి సైడ్ ఎఫెక్ట్‌లు
- ఈ సెమిస్టర్ కోర్సుల సిలబస్‌లు, పరీక్ష తేదీలు
- మీరే రాసుకున్న ఒకటి రెండు పేజీల స్వంత వివరణ. చాలామంది వదిలేసేది ఇదే, అన్నిటికన్నా ఎక్కువ పనికొచ్చేదీ ఇదే

1. మీ యూనివర్సిటీ నిబంధన చదవండి

పని ఇక్కడ మొదలవ్వాలి, డాక్టర్ దగ్గర కాదు. ఒక్కో చోట ఆఫీసు పేరు ఒక్కోలా ఉంటుంది: డిజబిలిటీ సర్వీసెస్, యాక్సెసిబిలిటీ రిసోర్స్ సెంటర్, స్టూడెంట్ యాక్సెస్. వాళ్ల వెబ్‌సైటులో ‘డాక్యుమెంటేషన్ గైడ్‌లైన్స్’ అనే పేజీ వెతకండి. కొన్ని యూనివర్సిటీలు డాక్టర్ నింపే ఫారంతో సరిపెట్టుకుంటాయి. కొన్ని పూర్తి సైకోఎడ్యుకేషనల్ రిపోర్టు (ఆలోచన, శ్రద్ధ, చదువు సామర్థ్యాలను టెస్టులతో కొలిచి రాసేది) అడుగుతాయి. రిపోర్టు ఎంత పాతదైనా ఫర్వాలేదనేవి కొన్నయితే, ఇటీవలిదే కావాలనేవి ఇంకొన్ని.

ఈ రంగంలోని వృత్తి సంఘం అహెడ్ 2012లో ఇచ్చిన మార్గదర్శకాలు విద్యార్థి స్వయంగా చెప్పే వివరాలకే మొదటి స్థానం ఇచ్చాయి. వాటిని పాటించే ఆఫీసుల్లో మీ మాటకు, మీ స్వంత వివరణకు చాలా విలువ ఉంటుంది. కానీ పాటించి తీరాలనే రూలు లేదు. అందుకే “మా ఫ్రెండుకి వాళ్ల యూనివర్సిటీలో డాక్టర్ లెటర్ ఒక్కటే చాలింది” అన్న మాట మీకు పనికిరాదు.

హెచ్చరిక: ఈ పేజీ చదవకుండా పెద్ద పరీక్షలకు డబ్బు కట్టకండి. అమెరికాలో పూర్తి న్యూరోసైకలాజికల్ పరీక్షలంటే ఖర్చు వేల డాలర్లలోకి పోతుంది. ఆ ఖర్చు భరించాల్సిన బాధ్యత యూనివర్సిటీకి లేదు. స్కూలు పిల్లలకు ఉచితంగా పరీక్ష చేయించే ‘ఐడియా’ అనే ప్రత్యేక విద్యా చట్టం కాలేజీ గడప దగ్గరే ఆగిపోతుంది. అక్కడే హైస్కూలు చదివినవాళ్లకు ఉండే ఐఈపీ (ప్రత్యేక అవసరాలున్న విద్యార్థికి స్కూలు తయారుచేసే విద్యా ప్రణాళిక), 504 ప్లాన్ (స్కూల్లో ఇచ్చే వెసులుబాట్ల ప్రణాళిక) కూడా వాటంతట అవి కాలేజీకి రావు. పాత ఆధారాలుగా మాత్రం పనికొస్తాయి.

2. మీ కథ మీరు రాసుకోండి

మానసిక సమస్యల నిర్ధారణకు అమెరికా సైకియాట్రిస్టులు వాడే డీఎస్‌ఎం-5 అనే ప్రామాణిక గ్రంథం ప్రకారం పెద్దవాళ్లలో ఏడీహెచ్‌డీ అనాలంటే చూసేవి ఇవి. 17 ఏళ్లు, ఆ పైన ఉన్నవాళ్లకు శ్రద్ధకు సంబంధించిన 9 లక్షణాల్లో గానీ, అతిచురుకు-తొందరపాటుకు సంబంధించిన 9 లక్షణాల్లో గానీ కనీసం 5 ఉండాలి. అవి 6 నెలలకు తక్కువ కాకుండా ఉండాలి. వాటిలో కొన్ని 12 ఏళ్లలోపే కనిపించి ఉండాలి. ఇల్లు, చదువు, ఉద్యోగం లాంటి రెండు లేదా అంతకన్నా ఎక్కువ చోట్ల కనిపించాలి. వేరే జబ్బు వల్ల వచ్చినవి కాకూడదు.

మనవాళ్లు తడబడేది ఆ 12 ఏళ్ల షరతు దగ్గర. “ఇంటర్‌లో 970 మార్కులు వచ్చాయి, ఎంసెట్‌లో ర్యాంకు వచ్చింది, మరి ఇప్పుడేమైంది?” అని పరీక్షించేవాళ్లు అడుగుతారు. అడగాల్సిందే కూడా. మార్కులొచ్చాయి కాబట్టి ఏడీహెచ్‌డీ లేదనడం తప్పు. కానీ ఆ మార్కులు ఎలా వచ్చాయో మీరు చెప్పగలగాలి. పొద్దున్నే లేపేవాళ్లు, స్టడీ అవర్స్‌లో తలమీద నిలబడే వార్డెన్, వారం వారం పరీక్ష, ఫోన్ లేని హాస్టల్, పుస్తకం ముందునుంచి లేవనివ్వని అమ్మ. మీరు పెట్టుకోవాల్సిన క్రమశిక్షణంతా బయటివాళ్లు పెట్టారు. అమెరికాలో అడుగుపెట్టగానే అదంతా ఒక్కసారిగా మాయమైంది. మీ విషయంలో జరిగింది ఇదే అయితే అలాగే రాయండి. ఏ క్లాసులో ఎవరు ఏ సాయం చేసేవారో, అది లేని రోజుల్లో ఏం జరిగేదో ఉదాహరణలతో రాయండి.

తర్వాత ఇప్పటి పరిస్థితి. “ఏకాగ్రత కుదరట్లేదు” అన్న మాట వల్ల ఎవరికీ ఏమీ తెలియదు. ఇలా రాయండి: “75 నిమిషాల మిడ్‌టర్మ్‌లో 6 ప్రశ్నలుంటే 4 మాత్రమే ముట్టుకోగలిగాను. పక్కవాళ్లు పేజీ తిప్పినా ధ్యాస చెదిరి, ప్రశ్న మళ్లీ మొదటినుంచి చదవాల్సి వచ్చింది. రాసిన నాలుగింటికీ దాదాపు పూర్తి మార్కులొచ్చాయి.” చివరి వాక్యం చాలా ముఖ్యం. సబ్జెక్టు రాక కాదు, సమయం సరిపోక అని అది చెబుతోంది. అయితే మీకు నిజంగా జరిగిందే రాయండి, ఈ వాక్యాలు ఎత్తి రాయకండి.

ఇంకో మాట, ఇంట్లోవాళ్ల గురించి. పరీక్షించేవాళ్లు మీ చిన్నతనం గురించి అమ్మకో నాన్నకో ఒక ప్రశ్నావళి ఇస్తారు. మనింట్లో పెద్దవాళ్లు అది నింపేటప్పుడు ‘మా అబ్బాయి బంగారం’ అన్న ధోరణిలో అన్నిటికీ ‘ఎప్పుడూ లేదు’ అని టిక్కు పెట్టేస్తారు. ప్రేమే, కానీ రిపోర్టు అక్కడే కూలిపోతుంది. నింపకముందే కూర్చోబెట్టి చెప్పండి: ఇది పెళ్లిచూపుల బయోడేటా కాదు, ఉన్నది ఉన్నట్టు రాయాలి. లేనిది కల్పించి రాయమనీ చెప్పకండి.

3. ఎవరి దగ్గరికి వెళ్లాలి

సైకియాట్రిస్టు, క్లినికల్ సైకాలజిస్టు, న్యూరోసైకాలజిస్టు అయితే సాధారణంగా అభ్యంతరం ఉండదు. ఫ్యామిలీ డాక్టర్ లెటర్ కొన్ని చోట్ల చెల్లుతుంది, కొన్ని చోట్ల చెల్లదు.

ఇండియాలోనే చేయించుకుంటే ఎండీ సైకియాట్రీ చేసినవారి దగ్గరికి గానీ, రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ ఉన్న క్లినికల్ సైకాలజిస్టు దగ్గరికి గానీ వెళ్లండి. రిజిస్ట్రేషన్ నంబరు రిపోర్టు మీద ఉండాలని ముందే చెప్పండి. ‘కౌన్సెలర్’, ‘లైఫ్ కోచ్’ బోర్డులు చూసి వెళ్తే డబ్బు, సమయం రెండూ దండగ.

అమెరికాలో అయితే ముందు క్యాంపస్ కౌన్సెలింగ్ సెంటర్‌ని అడగండి. అక్కడ పరీక్ష చేయకపోయినా ఎవరు చేస్తారో చెబుతారు. సైకాలజీ డిపార్ట్‌మెంటు నడిపే ట్రైనింగ్ క్లినిక్ ఉంటే బయటికన్నా బాగా తక్కువలో అయిపోతుంది, కాకపోతే వెయిటింగ్ లిస్టు ఉంటుంది. ఇన్సూరెన్సు వాళ్లకు ఫోన్ చేసి డాక్టర్ విజిట్ గురించి ఒకసారి, టెస్టింగ్ గురించి విడిగా ఇంకోసారి అడగండి. మొదటిది ఇస్తూ రెండోది చదువు కోసమని కాదనే ప్లాన్లున్నాయి.

హెచ్చరిక: బంధువులు రాసిన లెటర్ చెల్లదు. మన కుటుంబాల్లో డాక్టర్ బాబాయో, సైకియాట్రిస్టు పిన్నో ఉండటం మామూలే. వాళ్ల సలహా తీసుకోండి, సంతకం మాత్రం వద్దు. ఇంటిపేరు కలిస్తే అనుమానం మొదలైనట్టే.

4. రిపోర్టులో ఏముండాలో అడిగి రాయించుకోండి

డాక్టర్లకు ఈ రకం లెటర్లు రాసే అలవాటు ఉండకపోవచ్చు. యూనివర్సిటీ ఫారం లేదా గైడ్‌లైన్స్ ప్రింటు తీసి చేతికివ్వండి. ఇవి తప్పకుండా ఉండాలి:

- నిర్ధారణ పేరు, కోడు: శ్రద్ధలోపం ప్రధానమైతే ఎఫ్90.0, అతిచురుకు-తొందరపాటు ప్రధానమైతే ఎఫ్90.1, రెండూ కలిస్తే ఎఫ్90.2
- మొదటిసారి ఎప్పుడు నిర్ధారించారు, చివరిసారి ఎప్పుడు చూశారు
- దేని ఆధారంగా తేల్చారు: ఇంటర్వ్యూ, చిన్ననాటి చరిత్ర, రేటింగ్ స్కేళ్లు, చేసిన టెస్టులు, వాటి స్కోర్లు
- ఆందోళన, డిప్రెషన్, నిద్రలేమి లాంటివి కావని ఎలా తేల్చారు, లేదా అవీ ఉన్నాయా
- ఇప్పుడున్న ఇబ్బందులు, వాటి తీవ్రత
- మందు వాడుతున్నా మిగిలి ఉన్న ఇబ్బందులు, సాయంత్రానికి మందు ప్రభావం తగ్గడం లాంటివి
- సిఫారసు చేసే వెసులుబాటు, ఒక్కోదానికీ కారణం

తేడా ఎక్కడుందో చూడండి. పనికిరాని లెటర్ ఇలా ఉంటుంది: “ఈ విద్యార్థి ఏడీహెచ్‌డీతో బాధపడుతున్నారు. పరీక్షల్లో అదనపు సమయం ఇవ్వవలసిందిగా కోరుతున్నాను.” పనికొచ్చేది ఇలా: “పొడవైన ప్రశ్నలు చదివేటప్పుడు ధ్యాస తప్పి ఒకే పేరాను పదేపదే చదవాల్సి వస్తోంది. రేటింగ్ స్కేల్‌లో శ్రద్ధలోపం స్కోరు ఎక్కువ స్థాయిలో ఉంది. మందు వాడుతున్నా చిన్న శబ్దాలకు పని ఆగిపోతోంది. కాబట్టి ఒకటిన్నర రెట్లు సమయం, తక్కువమంది ఉండే గది సిఫారసు చేస్తున్నాను.” లక్షణం, ఆధారం, ఇబ్బంది, వెసులుబాటు. ఈ నాలుగూ ఒకదాన్నొకటి పట్టుకుని ఉండాలి.

ఆన్‌లైన్‌లో దొరికే 18 ప్రశ్నల ఏఎస్‌ఆర్‌ఎస్ ప్రశ్నావళి స్క్రీనింగ్ (ఏడీహెచ్‌డీ ఉండొచ్చా అని ప్రాథమికంగా చూడటం) కోసం చేసినది. దాని స్క్రీన్‌షాట్ పంపితే ఆఫీసువాళ్లు పక్కన పెడతారు. కంప్యూటర్ మీద చేసే శ్రద్ధ పరీక్ష ఒక్కటే పెట్టినా అంతే.

రిపోర్టు చేతికి రాగానే మూడు చిన్న విషయాలు చూడండి. పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే ఉందా? స్కూలు రికార్డుల్లో ఇంటిపేరు ముందు, పాస్‌పోర్టులో వెనక, డాక్టర్ చీటీలో ఇనిషియల్ మాత్రమే. మూడూ ఒకే మనిషివని అవతలివాళ్లకు ఎలా తెలుస్తుంది? తేదీలో నెల అక్షరాల్లో ఉందా? 04/07 అంటే మనకు జూలై 4, అమెరికాలో ఏప్రిల్ 7. లెటర్‌హెడ్ మీద ఫోన్, ఈమెయిల్ ఉన్నాయా? వాళ్లు వివరణ కోసం సంప్రదించవచ్చు. తెలుగులో ఉన్న పాత రికార్డులకు ఇంగ్లీషు అనువాదం జతచేయండి.

5. అప్లై చేయండి, అదీ ముందే

అడ్మిషన్ ఖరారైన రోజునుంచే అప్లై చేయొచ్చు. సెమిస్టర్ మొదలయ్యాక రద్దీలో వారాలు పడుతుంది. ఆఫీసు పోర్టల్‌లోనే పెట్టండి. ప్రొఫెసర్‌కి ఈమెయిల్ చేస్తే అప్లై చేసినట్టు కాదు.

రిపోర్టు ఇంకా చేతికి రాలేదా? అయినా అప్లై చేసి, “తాత్కాలిక వెసులుబాటు ఇవ్వగలరా?” అని అడగండి. ఒక సెమిస్టర్‌కి అలా ఇచ్చే ఆఫీసులు చాలానే ఉన్నాయి. ఎవరూ తమంతట తాము చెప్పరు, అడిగితేనే.

6. ఇంటేక్ మీటింగ్ (ఆఫీసువాళ్లతో మొదటి సమావేశం)

దీన్ని వీసా ఇంటర్వ్యూలా ఊహించుకుని భయపడకండి. ఆఫీసు, విద్యార్థి కలిసి మాట్లాడుకుని తేల్చుకునే ప్రక్రియ ఇది. మీ స్వంత వివరణ ముందు పెట్టుకుని, కోర్సువారీగా ఇబ్బంది చెప్పండి. తరచుగా దొరికేవి: పరీక్షకు ఒకటిన్నర రెట్లు సమయం, అవాంతరాలు తక్కువుండే గది, లెక్చర్ రికార్డు చేసుకోవడం, నోట్స్ సాయం, ముందుగా కోర్సు రిజిస్ట్రేషన్, పాఠాన్ని చదివి వినిపించే సాఫ్ట్‌వేర్. రెట్టింపు సమయం కావాలంటే దానికి తగ్గ ఆధారం ఉండాలి.

దొరకనివి కూడా తెలుసుకోండి. కోర్సు మూల స్వరూపాన్నే మార్చే కోరికలు ఒప్పుకోరు. ల్యాబ్ కోర్సులో ల్యాబ్ మినహాయింపు, గడువే లేని అసైన్‌మెంట్లు, సులువు పేపరు ఆ కోవలోకి వస్తాయి.

పీహెచ్‌డీ క్వాలిఫైయింగ్ పరీక్షలకూ వెసులుబాటు అడగొచ్చు, చాలామంది ఆ ఊసే ఎత్తరు. టీఏ (టీచింగ్ అసిస్టెంట్), ఆర్ఏ (రీసెర్చ్ అసిస్టెంట్) పని విషయంలో మాత్రం మీరు ఉద్యోగి కిందికి వస్తారు. దానికి దారి వేరు, హెచ్ఆర్ వైపు నుంచి అడగాలి.

7. లెటర్ వచ్చాక అసలు పని

మంజూరైందన్న ఈమెయిల్ చూసి ఊపిరి పీల్చుకుని ఊరుకునేవాళ్లున్నారు. అక్కడితో అయిపోదు. ప్రతి సెమిస్టర్ ప్రతి ప్రొఫెసర్‌కీ అకామడేషన్ లెటర్ వెళ్లాలి. చాలా చోట్ల అది పంపమని పోర్టల్‌లో మీరే నొక్కాలి. టెస్టింగ్ సెంటర్‌లో ఒక్కో పరీక్షకూ విడివిడిగా సీటు బుక్ చేయాలి, దానికీ గడువుంటుంది. ఏడీహెచ్‌డీ ఉన్నవాళ్ల చేతే ఇన్ని గడువులు గుర్తుపెట్టించడం ఎంత తెలివైన ఏర్పాటో మీరే ఆలోచించుకోండి! సిలబస్ వచ్చిన రోజే పరీక్షలన్నీ ఒక్కసారే బుక్ చేసేయండి.

లెటర్‌లో మీ జబ్బు పేరు ఉండదు. ఇవ్వాల్సిన వెసులుబాట్లు మాత్రమే ఉంటాయి. ప్రొఫెసర్‌కి రిపోర్టు చూపించాల్సిన అవసరమూ లేదు. ట్రాన్స్‌క్రిప్టులో గానీ డిగ్రీ పట్టా మీద గానీ ఈ సంగతి ఎక్కడా రాదు. ఇక తల్లిదండ్రులకు ఒక మాట: మీరు ఫోన్ చేస్తే ఆఫీసువాళ్లు ఏమీ చెప్పరు. ఫెర్పా చట్టం ప్రకారం కాలేజీ విద్యార్థి రికార్డుల మీద హక్కు విద్యార్థిదే. పిల్లలు రాతపూర్వకంగా ఒప్పుకుంటేనే మాట్లాడతారు.

తరచుగా జరిగే తప్పులు

ఫెయిలయ్యాక అప్లై చేయడం అన్నిటికన్నా పెద్దది. వెసులుబాటు మంజూరైన నాటినుంచే అమలవుతుంది. పోయిన మిడ్‌టర్మ్‌ని అది వెనక్కి తేదు.

ఎఫ్-1 వాళ్లు చేసే తప్పు ఇంకా ప్రమాదం. “డిజబిలిటీ ఆఫీసు కోర్సులు తగ్గించుకోవచ్చంది” అని ఒక కోర్సు డ్రాప్ చేసేస్తారు. ఫుల్‌టైమ్ కన్నా తగ్గాలంటే ఇంటర్నేషనల్ ఆఫీసులోని డీఎస్‌ఓ (విదేశీ విద్యార్థుల వ్యవహారాలు చూసే అధికారి) ముందుగా అనుమతించి, విదేశీ విద్యార్థుల ప్రభుత్వ డేటాబేస్ అయిన సెవిస్‌లో నమోదు చేయాలి. అనారోగ్య కారణంగా అయితే లైసెన్స్ ఉన్న డాక్టర్ లేదా క్లినికల్ సైకాలజిస్టు లెటర్ కావాలి, ఒక్కో డిగ్రీ స్థాయికి మొత్తం మీద 12 నెలలకు మించి ఇవ్వరు. అనుమతి తర్వాతే డ్రాప్. ఈ క్రమం తిరగబడితే పోయేది మార్కులు కాదు, స్టేటస్.

జీఆర్ఈ, టోఫెల్‌కి విడిగా అప్లై చేయాలన్నది మరో విషయం. యూనివర్సిటీ ఇచ్చిన లెటర్ అక్కడ చెల్లదు, ఆధారంగా జతచేయొచ్చు. వెసులుబాటు మంజూరయ్యాకే పరీక్ష తేదీ బుక్ చేసుకోండి.

పంపే ముందు పరీక్షించుకోండి

మీ గురించి ఏమీ తెలియని ఒక స్నేహితుడికి రిపోర్టు, స్వంత వివరణ ఇచ్చి చదవమనండి. చదివాక రెండు ప్రశ్నలు వేయండి: “నాకు పరీక్ష హాల్లో ఏం జరుగుతుంది? నేను అడిగిన వాటిలో ఒక్కోటి ఎందుకు?” తడుముకోకుండా చెప్పగలిగితే కాగితాలు సిద్ధం. “నీకు ఏడీహెచ్‌డీ ఉందట” అని మాత్రమే అంటే నాలుగో మెట్టుకి వెనక్కి వెళ్లండి.

మంజూరయ్యాక కూడా చూసుకోండి. మొదటి క్విజ్‌లోనే ఆన్‌లైన్ టైమర్ పెరిగిందో లేదో గమనించండి. ఒకటిన్నర రెట్లు సమయం ఇచ్చి ఉంటే 60 నిమిషాల క్విజ్‌కి 90 చూపించాలి. చూపించకపోతే మొదలుపెట్టకుండా వెంటనే ప్రొఫెసర్‌కి, ఆఫీసుకి కలిపి ఈమెయిల్ చేయండి.

కాదన్నారా?

కారణం రాతపూర్వకంగా అడగండి. చాలాసార్లు అది తిరస్కారం కాదు, ‘ఇంకొంత సమాచారం కావాలి’ అన్న మాటే. డాక్టర్‌తో రెండు పేరాల అదనపు లెటర్ రాయిస్తే సరిపోతుంది, పరీక్షలన్నీ మళ్లీ చేయించుకోనక్కర్లేదు. ఆఫీసు ఒప్పుకుని ప్రొఫెసర్ అమలు చేయకపోతే ఆయనతో వాదనకు దిగకండి, ఆఫీసుకి చెప్పండి. అది వాళ్ల పని.

అప్పటికీ తేలకపోతే యూనివర్సిటీలోని సెక్షన్ 504 లేదా ఏడీఏ కోఆర్డినేటర్‌కి ఫిర్యాదు ఇవ్వండి. ఆ పైమెట్టు విద్యాశాఖలోని ఆఫీస్ ఫర్ సివిల్ రైట్స్. సంఘటన జరిగిన 180 రోజుల్లోపు అక్కడ ఫిర్యాదు చేయాలి. అందుకని మొదటి రోజునుంచే ప్రతి ఈమెయిల్‌నీ ఒక ఫోల్డరులో వేస్తూ ఉండండి. ఫోన్లో ఏదైనా మాట్లాడితే “ఇందాక మనం అనుకున్నది ఇది” అంటూ అదే రోజు రెండు లైన్ల ఈమెయిల్ పంపండి.